దిష్టి చుక్క పెట్టిన టీవీ గురించి నా ఆఖరి మాట

అనంతపురం జిల్లా, గుమ్మఘట్ట మండలంలో కేబుల్ లైన్ పని చేసుకుని బతుకుతున్న, కీర్తిశేషులు ఎర్రప్ప కుమారుడు నరసింహులు అనే నేను, వయసు ఇరవై ఏడు, పుట్టపర్తిలో ఆసుపత్రి మంచం మీద కూర్చుని నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఏమనగా:

రేపు నా గుండెకు ఆపరేషన్. చెడిపోయింది గుండెలో వాల్వు ఒక్కటే, తల బాగానే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు, తాగించలేదు. కోపంగా ఉన్నాను. కోపం వేరు, మతి తప్పడం వేరు అని ఈ కాగితం చదివే పెద్దలు గమనించాలి. ఈ దస్తావేజు భాష నాకు ఎవరూ నేర్పలేదు. రాయదుర్గంలో దస్తావేజులు రాసే ఆయన ఇంట్లో కేబుల్ బాగుచేస్తూ, ఆయన బల్ల మీద కాగితాలు చదివి నేర్చుకున్నాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా కేబుల్ యజమాని గురుమూర్తి శెట్టిగారిది. ఆయన నన్ను రోజూ తిడతాడు, కానీ ఒకరి సొమ్ము ముట్టడు.

1. ఇల్లు మా అమ్మ కదిరమ్మదే, నేను ఇచ్చేదేం లేదు. నా మేకలు కూడా ఆమెవే. ఆమెకు కళ్ళు మసక. టీవీ ముందు కూర్చోదు, వాకిట్లో వేరుసెనగ కాయలు ఒలుచుకుంటూ మాటలు మాత్రం వింటుంది. నేను బిగించిన స్పీకరు డబ్బా ఆమె మంచం పక్కనే ఉండాలి. దాన్ని ఎవరూ తీయకూడదు. టీవీలో బొమ్మ ఎవరిది ఎంత తేటగా ఉందన్న పోటీలో ఆమె ఎప్పుడూ లేదు. మా ఊళ్ళో నిమ్మళంగా ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

2. నా నిచ్చెన, స్తంభం ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే బెల్టు, కటింగ్ ప్లేయరు నా చోటులోకి వచ్చే లైన్‌మన్‌కు చెందుతాయి. ప్లేయరు తనదని కేశవ అంటాడు. కాదు. వాడిది ఎర్రపిడి, నాది నల్లపిడి. ఇది ఇంతటితో తేలిపోవాలి.

3. కేశవ ఎవరో ఇక్కడ రాయాలి. వాడూ నేనూ ఒకే నిచ్చెన మోసినవాళ్ళం. తర్వాత వాడు డిష్షులు అమ్మే కొట్టులో చేరాడు, ఇస్త్రీ చొక్కా తొడిగాడు. మా మేనమామ జయరాముడు గుట్ట మీది పొలం గాలిమరల కంపెనీకి అమ్మి, గోడంత టీవీ కొన్నాడు. దాని మూలన హెచ్.డి. అని స్టిక్కరు ఉంది. మా కేబుల్ తగిలిస్తే మనుషులు పొట్టిగా, లావుగా, అలికేసినట్టు వచ్చారు. "ఏందల్లుడా, మీ కేబుల్లో మనుషులంతా వానలో తడిసిన సినిమా పోస్టర్ల మాదిరి ఉండారే" అన్నాడు మామ. మరునాడే కేశవ వచ్చి మిద్దె మీద డిష్షు బిగించాడు, కొత్తరకం డబ్బా పెట్టాడు, నెలనెలా చందా కట్టమన్నాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. మామ కూతురు హేమావతి, "కేశవా, నువ్వు భలే పనోడివప్పా" అంది. నేను గడపలో నిలబడి విన్నాను.

అప్పుడే మా అత్త ఆంజినమ్మ కాటుక వేలితో వచ్చి టీవీ మూలన దిష్టి చుక్క పెట్టింది. ఎవరి కంటికో చెప్పలేదు. నా వైపు చూసి మాత్రం పెట్టింది.

4. కనుక హెచ్.డి. బొమ్మకు చందా కట్టాలా వద్దా అన్న సంగతిని, ఆస్తి తగువు తేల్చినట్టు, నేను తేల్చి పోతున్నాను. టీవీ మీద స్టిక్కరు ఉన్నంత మాత్రాన చాలదు, లోపలికి వచ్చే బొమ్మ కూడా ఆ రకందే అయి ఉండాలి. అలాంటిది మా కేబుల్లో రాదు, మా మిద్దెల మీది ఏంటెనాకూ రాదు. డిష్షులో వస్తుంది, దానికి కేశవ చందా అడుగుతాడు. కానీ ఆ టీవీ పక్కన పెన్ డ్రైవ్ పెట్టుకునే సందు ఒకటుంది. అది ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "దుడ్లు కట్టకుండా హెచ్.డి. యాడ వస్తాదన్నా? మబ్బు లేకుండా వాన పడతాదా?" అని కేశవ అందరి ముందూ నవ్వాడు. "మన ఊర్లో మబ్బుండీ పడ్డంల్యా కదరా" అన్నాను నేను.

రాయదుర్గం ఫోటో స్టూడియోలో అడిగి, సముద్రం అడుగున చేపలు తిరిగే హెచ్.డి. బొమ్మ పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చాను. డిష్షు తీగ పీకేసి ఇది పెట్టాను. చేప పొలుసులు విడివిడిగా కనిపించాయి. చందా లేదు, డబ్బా లేదు. ఒక చేప వచ్చి దిష్టి చుక్క దగ్గర ఆగితే, ఆ చుక్క దాని కన్నులా ఉంది. మామ నోరు తెరిచి, "ఇన్ని నీళ్ళు యాడివిరా నాయనా! ఇందులో దోసెడు మన బోరులో పడితే చాలు కదా" అన్నాడు. అత్త వంట మరిచిపోయి కూర్చుంది. కేశవ నేను పీకేసిన తీగను చుట్ట చుట్టాడు. ఆ మధ్యాహ్నం నేను బతికాను.

అప్పుడు హేమావతి, "బాగుండాది బావా. మరి రేపేం చూపిస్తావు?" అంది.

నా దగ్గర రేపటికి ఏమీ లేదు. కేశవ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

5. ఆ చేపల పెన్ డ్రైవ్ మా అత్త ఆంజినమ్మకు చెందుతుంది. ఆమె తర్వాత కూడా, "ఆ నీళ్ళ బొమ్మ ఇంగోసారి పెట్టు అల్లుడా" అని అడిగింది. నేను ఆసుపత్రికి బస్సెక్కే ముందు నా చెవి వెనక కాటుక చుక్క పెట్టింది. ఇక్కడ నర్సు స్పిరిట్‌తో తుడిచేసింది. టీవీ మీది చుక్క ఇంకా ఉంది. దాన్ని తలుచుకున్నా నాకు కుళ్ళుగా ఉంది.

6. హేమావతి నాకు వరసైన పిల్ల. "నీ ఆపరేషన్ కానీ, పెళ్ళి మాట తర్వాత చూస్తాం" అన్నాడు మామ. తర్వాత ఆమె పెళ్ళి ఎవరితోనో మాత్రం చెప్పలేదు. ఆమె నా ఆస్తి కాదు, మామ ఆస్తీ కాదు కాబట్టి ఈ వీలునామాలో ఆమెను ఎవరికీ రాయడం లేదు. ఆమె ఇష్టం ఆమెది. ఒకవేళ నేను పోయి, ఆమె కేశవను చేసుకుంటే, నా సంవత్సరీకం అయ్యేదాకా ఆగాలి. ఆ పెళ్ళి వీడియో హెచ్.డి.లో తీయకూడదు. ఈ రెండో షరతు కోర్టులో నిలవదని నాకు తెలుసు. అయినా రాశాను.

ఆమెకు నా గొడుగు. ఎండకు.

7. కేశవకు ఏమీ లేదు.

దీని వెనక కారణం రాయకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. నాది ఓ నెగెటివ్ నెత్తురు. చుట్టాల్లో ఎవరికీ కలవలేదు. కలిసింది కేశవకే. వాడు కొట్టుకు సెలవు పెట్టి వచ్చి, నెత్తురిచ్చి, వరండాలో అరటిపండు తింటున్నాడు. రేపు వాడి నెత్తురు నా ఒంట్లో తిరుగుతుంది. ఇంతకంటే అవమానం ఏ దాయాదీ ఏ దాయాదికీ చేసి ఉండడు. "ఏం తీసుకుంటావురా?" అని అడిగితే, "నీ చందా ఏం వద్దులేన్నా, ఇది ఉచితమే" అన్నాడు. ఈ ఆసుపత్రిలో గుండె కోసి కుట్టేదానికి కూడా దుడ్లు అడగడం లేదు. అందరూ ఉచితంగా ఇస్తుంటే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

అందుకని వాడిని సాక్షిగా పెడుతున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి వాటా ఉండకపోవడం మంచిదని దస్తావేజులాయన అనేవాడు. వాటా లేదు, కానీ మొత్తం చదవాలి.

8. నేను బతికి వస్తే ఈ కాగితం చెల్లదు. గురుమూర్తి శెట్టిగారు దీన్ని చించి నా ముందే పొయ్యిలో వేయాలి. ఊరు చేరగానే మొదట మామ ఇంటికి పోతాను. రేపేం చూపిస్తావని హేమావతి అడిగింది కదా, రొమ్ము మీది కుట్లు చూపిస్తాను. ప్రతి కుట్టూ విడివిడిగా కనిపిస్తుంది, ఏ తీగా అక్కర్లేదు. లోపల తిరిగేది కేశవ నెత్తురే కావచ్చు. ఈ కుళ్ళు మాత్రం నా స్వార్జితం, ఎవరికీ వాటా ఇవ్వను.

చదివి చూసుకుని, సరే అనుకుని పెట్టిన సంతకం.

పుట్టపర్తి, 2010 నవంబరు 17
ఎ. నరసింహులు

సాక్షులు:
1. కుళ్ళాయప్ప, ఎదురు మంచం రోగికి అన్న
2. కేశవ. మొత్తం చదివినా. ప్లేయరు నాదే. హెచ్.డి.కి చందా కట్టాల్సిందే. లేచి రా అన్నా, తేల్చుకుందాం.