ఆ రికార్డులోని ఆడగొంతు

లిక్ క్రీక్, వర్జీనియా
1971 ఆగస్టు 9

ప్రియమైన వెల్డా అక్కకు,

నీ చెల్లెలు ఆర్ఫా రాసుకునేది. అక్షరాలు అటూ ఇటూ పోతే ఏమీ అనుకోకు. నా రికార్డులో ఉన్న గొంతు నాది కాదు. పదేళ్లుగా మీ డేటన్‌లో ఇంటికొచ్చిన వాళ్లందరికీ "ఇదిగో, మా చెల్లి" అని వినిపిస్తున్నావే, ఆ రికార్డే.

మేం పాడిన స్టూడియో మూసేస్తున్నారట. పాత టేపులు ఎవరివి వాళ్లకి పంపుతుంటే మాదీ వచ్చింది. మా ఆయన డెల్బర్ట్ తన బ్యాంజో వాద్యం పట్టుకుని మా పాటల బృందంతో కరోలినా వెళ్లాడు, శనివారానికి గాని రాడు. అప్పటిదాకా ఆగలేకపోయాను. మంచం పట్టిన వాళ్లకి వినిపించడానికి పాస్టరుగారి ప్రసంగాలు ఎక్కించే యంత్రం ఉంది కదా చర్చిలో, దాన్ని అడిగి తెచ్చుకున్నాను. టేపు మధ్యలో ఎక్కడో మొదలైంది. పాట లేదు, మాటలు. డెల్బర్ట్ గొంతే.

"ఆర్ఫా పాడింది తీసేద్దాం. దాని చోట ఇంకో గొంతు వేద్దాం."

"ఆమెకి తెలిస్తే?" అన్నాడు స్టూడియో ఆయన.

"తెలీదు. అచ్చం దానిలాగే ఉంటుంది. నువ్వు మాత్రం నోరు జారకు."

ఆ వెంటనే పాట. అందరూ నన్ను మెచ్చుకునే ఆ ఆడగొంతు. పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడి వాసనొస్తున్నా కుర్చీలోంచి లేవలేకపోయాను.

అది ఎవరిదో నాకు తెలుసు. ఫెర్న్ మలిన్స్‌ది. నాకంటే ముందు మా బృందంలో పాడింది ఆవిడే, పెళ్లికి ముందు డెల్బర్ట్ తిరిగింది ఆవిడ వెనకే. పదేళ్లు పరాయిదాని గొంతు విని నాదనుకుని మురిసిపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను అక్కా. ఈ ఆదివారం చర్చి వార్షిక కూడికలో ఎప్పటిలాగే ఆ పాట పాడమంటారు. లేచి అందరి ముందూ నిజం చెప్పేస్తాను. సోమవారం బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేస్తాను. ఈ మనిషితో ఇక కాపురం చేయలేను. నీ వెనకగది నాకు సర్ది ఉంచు.

నీ ఆర్ఫా


లిక్ క్రీక్
ఆగస్టు 16

అక్కా, నా అక్కా,

గది సర్దకు. నేను రావడం లేదు.

నీకు ఉత్తరం వేసిన మర్నాడే రికార్డు చంకన పెట్టుకుని ఫెర్న్ ఇంటికి వెళ్లాను, ముఖం మీదే అడిగేద్దామని. నిల్వకని టమాటాలు సీసాలకెత్తుతోంది. అడిగితే పకపకా నవ్వింది.

"నాదే అయితే పదేళ్లు నోరు కట్టుకుని కూర్చునేదాన్నా? మొదటిరోజే ఊరంతా టముకు వేసేదాన్ని కాదూ?"

అయినా చేతులు తుడుచుకుని గ్రామఫోను మీద పెట్టింది. రెండుసార్లు విన్నది. మూడోసారికి నవ్వు ఆగిపోయింది.

"ఇది ఆడగొంతు కాదే ఆర్ఫా. మగాడు గొంతు సన్నం చేసి పాడుతున్నాడు. పక్కన పడుకునే మనిషి గొంతు నీకు తెలీదంటే ఏమనుకోవాలి?"

ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు.

శనివారం మధ్యాహ్నం డెల్బర్ట్ వచ్చాడు. టోపీ తీయకముందే "నా భాగం ఒకసారి పాడు" అన్నాను. బల్ల మీద టేపు చూశాడు. ఏ పాట అని అడగలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి పాడాడు. ఆ మొరటు మనిషి నోట్లోంచి నా గొంతు వచ్చింది అక్కా. నేను ఊపిరి తీసుకునే చోటే తీసుకున్నాడు.

"ఎందుకు చేశావు?" అన్నాను.

"మూడుసార్లు పాడావు. 'ఏటి అవతల నా ప్రభువు నిలిచాడు' అనాల్సిన చోట మూడుసార్లూ 'నా లొరీన్ నిలిచింది' అన్నావు. నీకు తెలియనే లేదు. బాగా వచ్చిందా అని అడిగావు. వచ్చిందని చెప్పి కారులో కూర్చోమన్నాను. నువ్వు లేకుండా మళ్లీ పాడాం, దాని మీద నీ భాగం నేను పాడాను. నీ చోట ఇంకో ఆడదాన్ని నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు."

లొరీన్‌ని మట్టిలో పెట్టి అప్పటికి ఐదు వారాలు. నువ్వు వచ్చావుగా. పదకొండు నెలల మా పిల్ల. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆ పేరు ఎవరం ఎత్తలేదు. ఎత్తితే ఆయన కూలిపోతాడని నేను, నేను కూలిపోతానని ఆయన.

అబద్ధమన్నాను. ఆయన టేపును మొదటికంటా తిప్పాడు. నా గొంతే. ఏడవలేదు, శ్రుతి తప్పలేదు, హాయిగా పాడుతూ పాడుతూ పిల్ల పేరు పలికాను. మూడుసార్లూ. అంత స్పష్టంగా పలికి, ఆ సంగతి నాకే తెలియకుండా పదేళ్లు బతికాను. ఇప్పటికీ నిర్ఘాంతపోయే ఉన్నాను.

నిన్న కూడికలో ఆ పాట అడిగారు. నిజం చెబుదామనే లేచాను. చెప్పే బదులు పాట ఎత్తుకున్నాను. ఆ చోటు వచ్చినప్పుడు, ఈసారి తెలిసే, లొరీన్ అన్నాను. నా పక్కన డెల్బర్ట్, తన సొంత గొంతుతో, అదే పేరు పాడాడు.

నీ చెల్లెలు,
ఆర్ఫా కిల్గోర్