బాపు ముందు పెట్టిన నైంటీ

బాపూ,

ఇవాళ పెత్రమాస, పోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. నీ ఫొటో ముందు విస్తరేసి అన్నం, మటన్ కూర, గారెలు పెట్టాం. ఏటా పక్కన చీప్ లిక్కర్ క్వార్టర్ సీసా ఉండేది. ఈసారి నీ తమ్ముడు, మా చిన్నాయిన, అందులో సగం పట్టే నైంటీ తెచ్చాడు.

అమ్మ చిరచిరలాడింది. “పోయినోళ్లకు గూడ కోత వెడ్తవా?”

“సర్కారోళ్లు రేటు మళ్ల పెంచిండ్రు వదినె. నేను గూడ ఇప్పుడు నైంటీతోనే సరిపెట్టుకుంటున్న,” అన్నాడు చిన్నాయిన.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కల్వకుర్తి దవాఖానలో కామెర్లతో నువ్వు పడుకున్న వార్డులోనే ఇప్పుడు నేను నర్సుని. రేటు పెరిగాక తాగుడు తగ్గి కోలుకున్నవాళ్లను చూశాను. కల్తీ కల్లుకు మళ్లి, పిచ్చెక్కినట్టయి మంచానికి కట్టేయాల్సి వచ్చినవాళ్లనూ చూశాను. నీ కాలంలోనే ఈ రేటు ఉంటే నువ్వు ఎటు పోయేవాడివి బాపూ? వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతూ అదే అడుగుతున్నాను. ఒకసారి బతికేవాడివనిపిస్తుంది. అంతలోనే నీ మొండితనం గుర్తొచ్చి కోపమొస్తుంది.

తినేటప్పుడు చిన్నాయిన కంచం ముందుకు జరిపాడు. “వదినె, ఇంకింత బువ్వ పెట్టు.”

తాగుడు ముదిరాక నీ నోట ఆ మాట మేమెన్నడూ వినలేదు. అమ్మ గిన్నె ఖాళీ అయ్యేదాకా వడ్డించింది.

నీ విస్తరిలో మాత్రం, నువ్వున్నప్పటిలాగే, పెట్టింది పెట్టినట్టే ఉంది.