కొరికి పెట్టిన రొట్టె

అట్-బాషీ,
ఫిబ్రవరి 6

బురుల్చా అక్కకు,

నీ మూగ తమ్ముడు ఒరొజాలి రాస్తున్నాడు. ఇక్కడ మంచు ఇంకా మోకాలి దాకా ఉంది. నీ మరదలు ఆయ్‌నాష్ మోకాళ్లు నొప్పులంటుంది గానీ తిరుగుతూనే ఉంది. నిన్ను అడిగినట్టు రాయమంది. ముందు ఫోన్ చేద్దామనుకున్నాను. నీకు వినపడదు, నాకు మాట పెగలదు. అటు నువ్వూ ఇటు నేనూ ఊపిరి వింటూ కూర్చోవడమే అవుతుంది. అందుకే ఈ కాగితం.

సంగతేమిటంటే, నీ దగ్గరికి వద్దామనుకుంటున్నాను. రైల్లో కాదు, రోడ్డు మీద. ఈ కొండల నుంచి మీ సముద్రం దాకా మన పాత జీపులోనే. పక్కింటి జపార్ తోడొస్తానన్నాడు. వాడు ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి, ఏ మలుపులో ఏ గుంట ఉందో చెప్పగలడు. మొన్న పొద్దున మా బల్ల మీద పటం పరిచి, ఆయ్‌నాష్ అల్లుకునే ఉన్ని దారంతో దారి కొలిచాడు. నరీన్, బిష్కెక్, అల్మాటీ, సెమెయ్, బర్నావుల్, అక్కణ్ణించి తూర్పుకి, చితా మీదుగా. దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్లు. రోజుకో మాట చొప్పున మాట్లాడినా సముద్రం చేరేసరికి నీ నోట ఓ వాక్యం పూర్తవుతుందిలే అన్నాడు నాతో. ఆయ్‌నాష్ నవ్వు ఆపుకోలేకపోయింది. యాభై ఏళ్లుగా సంతకి రమ్మంటే రాని మనిషి సముద్రానికి పోతాడట అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతోంది. అలా అంటూనే దారికని ఎండు పెరుగు ఉండలు సంచికెత్తుతోంది.

వింత ఒకటి జరిగింది. చితా అవతల టీ కొట్టు నడిపే పాత స్నేహితుడికి జపార్ ఫోన్ చేశాడు, రోడ్డు ఎలా ఉందో కనుక్కుందామని. రోడ్డు బాగానే ఉందన్నాడట. మీ ఊరి కుర్రాడొకడు నిన్న ఇక్కడే ఉన్నాడు అని కూడా అన్నాడట. నావికుల కోటు, లోపల చారల బనీను. అట్-బాషీకి ఇటేనా దారి అని అడిగాడట. బస్సు ఆగితే ఎదురెళ్లి, దిగిన వాళ్ల మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడట. బయట ఉమ్మితే గడ్డకట్టే చలి. ఆ కోటు మాత్రం నీళ్లు కారుతూనే ఉందట.

జపార్ నవ్వాడు. నేను నవ్వలేదు.

అక్కా, కదిర్ అన్నయ్య ఓడ బయల్దేరిన చోటు నీకు తెలుసు కదా. అక్కడ నీళ్ల అంచు దాకా జీపు దిగుతుందా? నేను తెచ్చేదొకటి ఉంది. వచ్చాక చెబుతాను.

నీ తమ్ముడు,
ఒరొజాలి


అట్-బాషీ,
మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం అందింది. "ఒరేయ్ మూగోడా, తెచ్చేదేమిటో చెప్పకపోతే నిన్ను గడప ఎక్కనివ్వను" అని రాశావు. నువ్వు ఎక్కనివ్వవని నాకు తెలుసు. అందుకని చెబుతున్నాను. చదివాక రావద్దంటే రాను.

నేను తెచ్చేది గోడ మీది రొట్టె.

మా ఇద్దరికీ ఒకే రోజు పిలుపొచ్చింది గుర్తుందా? అన్నయ్యకు ఓడలు, మూడేళ్లు. నాకు సైన్యం, రెండేళ్లు. పొద్దున్నే అమ్మ రెండు రొట్టెలు కాల్చి ఇద్దరి చేతా ఒక్కో ముక్క కొరికించింది. మిగిలింది వాటి వాటి మేకులకు తగిలించింది. కొరికిన వాడే తిరిగొచ్చి మిగతాది తినాలి. అప్పుడే వచ్చినట్టు. అంత వరకూ ఇంకెవరూ ముట్టకూడదు. ఎడమ మేకు నాది, కుడి మేకు అన్నయ్యది. పిండి కలిపింది నువ్వే.

రెండేళ్లకు నేనొచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ మందతో కొండ మీద ఉంది. నరీన్ నుంచి నడిచి వచ్చాను, కడుపు కాలిపోతోంది. బూట్లు కూడా విప్పలేదు. ఎడమ మేకు మీది రొట్టె లాగి, నీళ్లలో ముంచి, నిలబడే తిన్నాను. సగం తిన్నాక పైకి చూశాను. అన్నయ్య ముందు పన్ను గుర్రం తన్ని విరిగింది కదా, వాడు ఏది కొరికినా మధ్యలో చిన్న గట్టు మిగిలేది. కుడి మేకు మీది రొట్టెకు ఆ గట్టు లేదు. గుండ్రంగా ఉంది. అది నా పంటి గుర్తు. అమ్మ గోడకు సున్నం వేసి, తిరిగి తగిలించేటప్పుడు మేకులు మార్చేసింది.

అప్పుడైనా ఆగాల్సింది. సగం తిన్నది కనిపిస్తే తెలిసిపోతుందని మొత్తం తినేశాను.

సాయంత్రం అమ్మ వచ్చి ఖాళీ మేకు చూసి ఏడ్చింది, సంతోషంతో. ఆ చలికాలమే తంతి వచ్చింది. అల వచ్చి అన్నయ్యను ఓడ మీద నుంచి ఎత్తుకుపోయిందని. ఆ వసంతంలోనే నువ్వు వెతకడానికి వెళ్లావు, తిరిగి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి అమ్మ నమ్మలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ కుడి మేకు కింద కూర్చుని ఉన్ని వడికింది. ఎలకలు పట్టకుండా రాత్రిళ్లు రొట్టెకు గుడ్డ చుట్టేది. పోయే రోజున నా చెయ్యి పట్టుకుని, కదిర్ వస్తే పాలలో నానబెట్టి పెట్టరా, గట్టిపడిపోయి ఉంటుంది అంది. సరే అన్నాను. నా రొట్టె కింద కూర్చుని అన్నయ్య కోసం ఎదురుచూసింది, అక్కా. వాడు తిరిగి రావడానికి ఇక్కడ వాడి రొట్టే లేదు.

ఆ రొట్టె నీళ్లలో వేసి, నీది నేను తిన్నాను, నాది నువ్వు తిను అని చెప్పాలని నా ఆలోచన. చెల్లుతుందో లేదో తెలియదు.

ఇంకో సంగతి. జపార్ ఈ నెల రెండు సార్లు దారి కనుక్కున్నాడు. బర్నావుల్ లారీ అడ్డాలో ఆ కుర్రాడు రెండు రోజులు ఉన్నాడట. తర్వాత అల్మాటీ దాటాక కొర్దాయ్ కనుమ దగ్గర. తడి కోటు, అదే ప్రశ్న. జపార్ ఇప్పుడు నవ్వడం మానేశాడు. మనం అటు వెళ్తుంటే ఎవడో ఇటు వస్తున్నాడురా అన్నాడు. నేను పటం మడిచి పెట్టేశాను. మళ్లీ విప్పాను.

రావాలా వద్దా, నువ్వే చెప్పు.

ఒరొజాలి


అట్-బాషీ,
ఏప్రిల్ 22

అక్కా,

"బయల్దేరు" అని ఒక్క మాటే రాశావు. నువ్వు తిట్టలేదు. తిడితే బాగుండేది.

నిన్న మధ్యాహ్నం జరిగింది రాస్తాను. ఎండ బాగా కాస్తోంది. ఆయ్‌నాష్ కొట్టంలో ఈనే గొర్రె దగ్గర ఉంది. జపార్ వీధిలో జీపు చక్రాలు బిగిస్తున్నాడు. నేను లోపల రొట్టె దించి గుడ్డలో చుడుతున్నాను. కుక్క మొరగలేదు. తలెత్తి చూస్తే గుమ్మంలో వాడు నిలబడి ఉన్నాడు.

అక్కా, వాడికి ఇరవై ఏళ్లే. మీసం సరిగ్గా రాలేదు. కోటు చేతుల అంచుల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ముసలాయనా, నీళ్లున్నాయా అని అడగలేదు, కూర్చోమంటావా అనలేదు. వచ్చి గుమ్మం పక్కన కంబళి మీద కూర్చున్నాడు. గోడ వైపు చూశాడు. తర్వాత నా చేతిలోకి చూశాడు.

"అది మా తమ్ముడిది," అన్నాడు. "వాడింకా రాలేదా?"

వాడు చెప్పుకుంటూ పోయాడు, నెమ్మదిగా, అలసిపోయిన గొంతుతో. ఎప్పుడో ఒకసారి ఇంటి దాకా వచ్చాడట. కిటికీలోంచి ఆ రొట్టె కనబడిందట, గుండ్రటి గుర్తుతో. తమ్ముడు సైన్యం నుంచి రాలేదు, దారి తప్పి ఉంటాడు అనుకున్నాడట. వాడు నోరు తెరిచి ఎవరినీ దారి అడగడు కదా అన్నాడు. అప్పటి నుంచి వెతుకుతున్నాడట. సముద్రం దాకా వెళ్లడం, మళ్లీ రావడం. ఎన్నిసార్లో వాడికే లెక్క లేదట. బస్సులు, లారీలు, రైలు స్టేషన్లు. కుర్రాళ్ల మొహాలే చూశాడట. ముసలివాళ్లను చూడలేదట, అక్కా.

యాభై ఏళ్లు నేను వాడి కోసం సిగ్గుపడుతూ కూర్చున్నాను. వాడు నా కోసం నడుస్తున్నాడు.

ఏం చెయ్యాలో తెలియక రొట్టె విరిచాను. రాయిలా ఉంది. టీలో ముంచి నోట్లో పెట్టుకున్నాను. వాడు చటుక్కున లేచి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చల్లదనం ఇప్పటికీ ఎముకలో ఉంది.

"నువ్వెవరు తినడానికి? నువ్వు తినేస్తే వాడు ఎలా వస్తాడు?"

అప్పుడు చెప్పాను. నా జన్మలో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు.

"నేనే ఒరొజాలిని, అన్నయ్యా. ఎప్పుడో వచ్చాను. మేకులు మారాయి, నీది నేను తినేశాను. నీది తిన్నందుకే నువ్వు రాలేదు."

వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ముడతల వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసినట్టు. చెయ్యి వదిలాడు.

"అందుకేనా," అన్నాడు. "అక్కడ నాకు ఒక్క పూట కూడా ఆకలి వెయ్యలేదు."

నవ్వాడు. విరిగిన పన్ను కనబడింది. తిను, తిను, పూర్తి చెయ్యి అన్నాడు. నాకు నాలుగు పళ్లే ఉన్నాయి, చాలాసేపు పట్టింది. ఆఖరి ముక్క దాకా ఎదురుగా కూర్చుని చూశాడు, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే కూర్చున్నట్టు. తర్వాత అమ్మ గురించి అడిగాడు. పోయింది అన్నాను. తలదించుకున్నాడు. అక్క ఏది అన్నాడు. నిన్ను వెతకడానికి వెళ్లి సముద్రం ఒడ్డునే ఉండిపోయింది అన్నాను. నేను అటు నుంచే కదా వచ్చింది అని గొణిగాడు. లేచి, బూట్లు సర్దుకుని, వెళ్లాడు. వీధిలో ఉన్న జపార్‌కి ఎవరూ కనబడలేదు.

ఆయ్‌నాష్ వచ్చి కంబళి మీద కాలు పెట్టి, నీళ్లు ఒలకబోసింది ఎవరయ్యా అని విసుక్కుంది. వేలితో అద్ది నాలుకకు తాకించుకుంది. ఉప్పగా ఉందట. ఇంకేమీ అడగలేదు. కంబళి బయటికి తీసుకెళ్లి ఎండలో పిండింది. వచ్చి, జపార్‌తో, సోమవారం దాకా ఎందుకు, గురువారమే కదలండి అంది.

గురువారం బయల్దేరుతున్నాం. నీళ్లలో వెయ్యడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. ఊరికే నిన్ను చూడ్డానికి వస్తున్నాను. జపార్ లెక్క ప్రకారం ఇరవై రోజులు. అన్నయ్య రాత్రీ పగలూ ఆగకుండా నడిచే మనిషి, మాకంటే ముందే రావచ్చు. తలుపు తట్టడు. మీ వీధిలో నిలబడి వచ్చే పోయే ఆడపిల్లల మొహాలు చూస్తుంటాడు. నీకు డెబ్బై ఆరు, నిన్ను గుర్తుపట్టడు. నువ్వే ముందు నీ పేరు చెప్పు.

ఇంటికొచ్చిన నీ తమ్ముడు,
ఒరొజాలి