పొయ్యెక్కని సూప్

మా ఇంటి మహారాణికి,

మిక్సీలు బాగుచేసుకు బతికే నీ మొగుడు రాసుకుంటున్నది. ఇక్కడ అంతా క్షేమం, ఒక్క నా వంట తప్ప. మీ అక్క కాలి కట్టు విప్పేదాకా నువ్వు రాలేవని తెలుసు. కానీ పళ్ళు పీకించుకున్నాక మీ నాన్నగారు నేను వండింది నమలలేకపోతున్నారు. పళ్ళున్న నేనే నమలలేకపోతున్నాననుకో, అది వేరే సంగతి. నిన్న కంచం పక్కకు జరిపి, ఈ నెల చివరి శనివారం మీ చెల్లెలింటికి వెళ్ళిపోతానన్నారు. అక్కడ నా తోడల్లుడు వంట అద్భుతంగా చేస్తాడట. చలి తగ్గేదాకా ఆయన్ని నేను చూసుకుంటానని నీకు మాటిచ్చాను. ఇప్పుడాయన వెళ్ళిపోతే మీవాళ్ళ ముందు మొహం ఎక్కడ పెట్టుకోను? నమలక్కర్లేనిది ఏదైనా ఉంటే చెప్పు.

ఇట్లు,
నీ గిన్నెల శత్రువు

తా.క. నీ పెద్ద గిన్నె గురించి అడక్కు. పొయ్యి మీద పెట్టి, దుకాణంలో ఒక మోటారు విప్పుతూ కూర్చున్నాను. మోటారు బాగుపడింది.

*

శ్రీవారి పాదాలకు దూరం నుంచే దణ్ణం.

నేనొచ్చేదాకా పొయ్యి ముట్టుకోకండి. నా మీద ఒట్టే. క్యారెట్, టమాటా, కీరా, కాసిని నానబెట్టిన జీడిపప్పులు, చిన్న అల్లం ముక్క, నాలుగు మిరియాలు, ఉప్పు వేసి మెత్తగా మిక్సీ పట్టండి. అన్నీ పచ్చివే, ఉడికించకూడదు. అలాగని ఈ చలిలో చల్లగా ఇచ్చారంటే నాన్నకి గొంతు పట్టేస్తుంది. గోరువెచ్చగా ఉండాలి.

ఇట్లు,
దిగులుతో మీ ఆవిడ

తా.క. కూరగాయలు కడగాలి. ఇది కూడా రాయాల్సి వచ్చింది.

*

నా వంటల గురువుకి,

పొయ్యి ముట్టుకోవద్దన్నావు, గోరువెచ్చగా ఉండాలన్నావు. ఇంకొకడైతే బుర్ర గోక్కునేవాడు. ఆగకుండా తిప్పితే మిక్సీ వేడెక్కుతుందని నాకు తెలియదా? మూడో నంబరు మీద పెట్టి అలాగే తిప్పాను. సూప్ గోరువెచ్చగా అయ్యింది, మన మిక్సీ మోటారు కాలి పొగొచ్చింది. ఆ వాసన సూప్‌లోకీ కాస్త వచ్చింది. మామగారు గ్లాసు ఖాళీ చేసి, ఇంకా ఉందా అని అడిగారు! మర్నాడు నేను బాగుచేసి ఉంచిన టీచరమ్మ మిక్సీ, ఆ తర్వాత దర్జీది కాలిపోయాయి. మామగారు మాత్రం రోజూ అడుగంటా తాగేస్తున్నారు. శనివారం మాటే ఎత్తడం లేదు. నా చేతిలో ఇంత వంట ఉందని ఇన్నాళ్ళూ నువ్వే కనిపెట్టలేదు.

ఇట్లు,
చెయ్యి తిరిగిన వంటవాడు

తా.క. 'మిక్సీ ఎక్కువసేపు తిప్పరాదు' అని దుకాణంలో నేనే రాసి పెట్టిన బోర్డును గోడవైపు తిప్పేశాను. చూస్తుంటే మనసు పాడవుతోంది.

*

మిక్సీల పాలిటి యముడికి,

వేడినీళ్ళు కలపాలండీ! పక్కింట్లో ఒక గ్లాసు అడిగితే ఇవ్వరా? బాగుచేయమని నమ్మి ఇచ్చినవాళ్ళకి ఏం చెబుతారు? రేపటి నుంచి చెప్పినట్టు చెయ్యండి.

ఇట్లు,
తల పట్టుకు కూర్చున్న మీ ఆవిడ

తా.క. నాన్న ఇంకా ఉందా అని అడిగారంటే నాకు భయంగా ఉంది. ఆయన మా అమ్మ వంటనే ఎప్పుడూ మారు అడిగి ఎరగరు.

*

నన్ను భరిస్తున్న తల్లికి,

పక్కింటి నుంచి వేడినీళ్ళు తెచ్చి కలిపాను. మామగారు ఒక గుటక వేసి, ఇది బాగుందన్నారు. మరి ఇన్నాళ్ళూ తాగిందో అని అడిగాను. మనిషనేవాడు తాగలేడు బాబూ అన్నారు.

"మరి రోజూ ఇంకా కావాలని ఎందుకు అడిగారు?"

"మిగిలితే పారబొయ్యలేక నువ్వు తాగుతావని."

వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. సాకు చెప్పుకుందామంటే అందులో ఉల్లిపాయ కూడా లేదాయె. నా గొప్ప వంటని నేను ఒక్కనాడైనా రుచి చూడలేదు, ఆయన మాత్రం చివరి చుక్కదాకా మింగారు. శనివారం ప్రయాణం మానేశారట. ఎందుకని అడిగితే, "నిన్నొక్కణ్ణీ వదిలి ఎలా వెళ్ళను, ఇల్లు తగలబెట్టుకుంటావు" అన్నారు. అంటే ఇక్కడ ఎవరిని ఎవరు చూసుకుంటున్నారో నీకు అర్థమయ్యే ఉంటుంది. కాలిన మోటార్లకి కొత్త తీగ చుడుతున్నాను. ఆయన పక్కనే కూర్చుని దీపం పట్టుకుంటున్నారు.

ఇట్లు,
మీ నాన్నగారి అల్లుడు

తా.క. రేపటి సూప్ తనే చేస్తానంటున్నారు. మిగిలిన మిక్సీలన్నీ మంచం కింద దాచేశాను.