పెట్టె అంచు

వైశాఖ బహుళ తదియ.

ముక్తేశ్వరంలో అమ్మాయిని చూసి వచ్చాను. వియ్యంకుడు దానికి కొత్త బట్టల పెట్టె చేశాడు. లోపల మామిడి చెక్క, పైన పలచని టేకు పొర. అంచుల్లో మామిడి కనబడకుండా టేకు పట్టీ అంటించాడు. ముందు వైపు ఎంత తడిమినా అతుకు తెలియలేదు.

"మరి పెళ్లికి నే చేసిచ్చిందో?" అన్నాను అమ్మాయితో.

"వడ్ల గదిలో పెట్టేం నాన్నా. మీది గట్టిది కదా, ఎలకలు కొరకలేవు."

అది అచ్చమైన టేకు.

ఇంతలో వియ్యంకుడు వచ్చాడు. "ఎలా ఉందండి బావగారూ?"

"ఆయ్, బాగుందండి."

అప్పటికే వెనక మూలన పట్టీ లేచి నా గోటికి తగిలింది. చెబితే అక్కడే బంక రాసి సరిచేసేవాడు. చెప్పలేదు. తేమ తగిలితే ఊడిపోతుంది.

ఈ ఏడు తొలకరి తొందరగా వస్తే బాగుండును.