ఏడో నంబరు అల్మారా నేను ఖాళీ చేయను

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు, సభామందిరం అటెండరు వ్రాసుకొను అర్జీ.

విషయం: బహిరంగ ప్రసంగంలో కూర్చున్న నేరానికి మా వదినగారిని (స్వీపరు, రెండవ అంతస్తు) పని నుండి తొలగించుట, ఆమె అల్మారాను శుక్రవారంలోగా ఖాళీ చేయవలెనని నాకే ఆజ్ఞ ఇచ్చుట, ఈ రెండూ రద్దు చేయవలెనని కోరుట గురించి.

అయ్యా,

1. "యూదు అధ్యయనాలు, మానవ హక్కులు" అను పేరిట తమరు ప్రతి నెలా మొదటి బుధవారం సాయంత్రం ఐదున్నరకు జరిపించు ప్రసంగాలకు కుర్చీలు వేయుట, మైకు సరిచూచుట, వక్తకు మంచినీళ్ళు పెట్టుట, సభికుల ప్రశ్నల చీటీలు పోగుచేయుట నా విధులు. గేటుకు కట్టే బ్యానరు మీద "అందరికీ ఆహ్వానం" అని ఉంటుంది. అది కట్టేదీ నేనే. ఆ అందరిలో ఎవరెవరు లెక్కలోకి రారో దాని కిందే రాయించి ఉంటే మా వదినకి ఈ గతి పట్టేది కాదు.

2. మా వదిన ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ తుడుస్తోంది. మా అన్న పోయాక ఇద్దరు ఆడపిల్లలూ ఈ ఉద్యోగం మీదే పెరుగుతున్నారు. ఆవిడ ప్రసంగాలంటే చెవి కోసుకుంటుంది. ఇన్నాళ్ళూ తలుపు బయట బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని వినేది. తోటివాళ్ళు "వరండా ప్రొఫెసరమ్మ" అని ఏడిపిస్తారు. ఈ నెల వక్త యూదుల చరిత్ర చెప్పే ఒక పెద్దావిడ. హిట్లరు కాలంలో యూదు అధ్యాపకుల్ని విశ్వవిద్యాలయాల్లోంచి ఎలా గెంటేశారో చెప్పడానికి వచ్చారు. హాల్లో వెనక మూడు వరసలు ఖాళీ. నేనే వదినని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఆవిడ డ్యూటీ ఐదింటికే అయిపోయింది. ఆవిడని తొలగించిన మెమోలో "పని వేళలందు" అని రాసినవారు ముందు గడియారం చూడటం నేర్చుకోవలెనని మనవి.

3. చీటీల సంగతి. మన ఆనవాయితీ తమకు తెలియనిది కాదు. అధ్యాపకుల చీటీలు పైన, విద్యార్థులవి కింద, మిగతావారివి నా జేబులో. నా జేబులోంచి అవి చెత్తబుట్టలోకి. పదకొండేళ్ళుగా నా చేత్తో నేనే పారేస్తున్నాను, తప్పని ఒక్కరూ అనలేదు. ఆ రోజు మాత్రం వదిన చీటీ అన్నిటికన్నా పైన పెట్టాను. అది తప్పయితే ఆ తప్పు నాది. మెమో ఆవిడకిచ్చారు.

4. చీటీలో ఉన్నది ఇంతే: "ఆ పంతుళ్ళని పంపేశాక వాళ్ళ గదులు ఎవరు ఖాళీ చేశారమ్మా?" వక్త గారు చదివి, ఇది ఎవరడిగారన్నారు. వదిన నీలం యూనిఫాంలోనే లేచి నిలబడింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వక్త గారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని వదిన వైపు తిరిగారు. తర్వాత, "ముప్పై ఏళ్ళుగా ఇదే చదువుతున్నానమ్మా. సంతకాలు పెట్టినవాళ్ళెవరో తెలుసు, పోయినవాళ్ళెవరో తెలుసు. వాళ్ళ పుస్తకాలు మోసినవాళ్ళెవరో నాకు తెలీదు. మొయ్యనన్నవాళ్ళు ఉన్నారేమో, అదీ నాకెక్కడా రాసి కనపడలేదు. ఇన్నేళ్ళూ నేను అడగాల్సింది మీరు అడిగారు" అన్నారు.

5. మర్నాడు పదకొండింటికల్లా మెమో వచ్చింది. సభామర్యాదకు భంగం, యూనిఫాంతో సభికుల కుర్చీలో ఆసీనురాలగుట. ఆసీనురాలగుట అట. కూర్చుందయ్యా, కాళ్ళు నొప్పి పుట్టి, చెప్పేది బాగుండి కూర్చుంది. మానవ హక్కుల మీద గంటన్నర విని చప్పట్లు కొట్టిన చేతులే ఆ కాగితం మీద సంతకం పెట్టాయి. నోటితో మాట్లాడుతూ నొసటితో వెక్కిరించడం అంటే ఇదే. తమరికి కోపం వస్తే రానివ్వండి, నాకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

6. ఇప్పుడు నాకు వచ్చిన ఆజ్ఞ. ఏడో నంబరు అల్మారా తాళం పగలగొట్టి, అందులోని సామాను సంచిలో వేసి గేటు దగ్గర పడేయవలెనని. అందులో ఏముందో నాకు తెలుసు. ఒక జత చెప్పులు, మోకాలి నొప్పి మాత్రలు, ఇన్నేళ్ళ ప్రసంగాల కరపత్రాలు ఒక కట్ట. ఈ సంగతి వదినతో చెప్పాను. ఆవిడ నన్నే ఓదార్చింది. "నువ్వు తియ్యకపోతే ఇంకొకడు తీస్తాడు. నాతోపాటు నీ ఉద్యోగం కూడా ఎందుకు పోవాలి? తీసెయ్యి నాయనా" అంది. మా అన్న పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ మాట జవదాటి ఎరగను. ఈసారి దాటుతున్నాను.

కావున మెమో రద్దుచేసి, మా వదినని యథాస్థానంలో చేర్చుకుని, ఏ హాలు తుడుస్తోందో ఆ హాల్లో కూర్చునే వీలు కల్పించవలెనని ప్రార్థన. చిత్తగించవలెను. తీరిక లేకపోతే ఎవరిచేతనైనా చదివించుకుని వినవలెను.

తమ విధేయుడు (ఈ ఒక్క పనిలో తప్ప),
సభామందిరం అటెండరు

తా.క.: వదినకి చదివి వినిపిస్తే గడియారం మాట కొట్టెయ్యమంది. కొట్టెయ్యలేదు. తమరు నన్ను కూడా తీసేస్తే తీసేయండి. ఈ కాగితాన్ని మాత్రం బుట్టలో వేయకండి, ఇన్‌వర్డు నంబరు వేయించి ఫైల్లో పెట్టించండి. ఒకడు మొయ్యనన్నాడని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.