బాంబర్‌కి బొట్టు

తార్‌బహార్, బిలాస్‌పూర్
5 అక్టోబరు 2025

శ్రీవారికి,

మీ ప్రసూన నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కనుక రాశాను. నిజానికి ఎవరమూ క్షేమంగా లేం. కోర్బా డ్యూటీకి వెళ్ళిన దగ్గర్నుంచీ మీరు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం, మీ ఉతికిన బట్టలతో పాటు, అక్కడికే డ్యూటీకి వస్తున్న దిలీప్ చేతికిచ్చి పంపుతున్నాను.

అత్తయ్య బుధవారం విజయనగరం వెళ్ళిపోతారట, మీ అక్క దగ్గరికి. మళ్ళీ రారట. పెట్టె సర్దేశారు.

దసరా నాడు ఆవిడ స్కూటర్‌కి పూజ చేసి, అదే చేత్తో మీరు తయారుచేసిన బొమ్మ విమానానికీ చేశారు. జర్మన్ బాంబర్ తోక మీద స్వస్తిక్ ఓరగా నిలబడి ఉందని, ఆ నలుపు గోకేసి, కుంకుమతో తిన్నగా దిద్ది, నాలుగు చుక్కలు పెట్టారు. రాయ్‌పూర్‌లో బొమ్మ విమానాల ప్రదర్శన కోసం మీరు పడ్డ కష్టం నాకు తెలియనిదా? అసలు విమానాన్ని జర్మన్లు మొదట ప్రయాణికులదని లోకానికి చూపించారనీ, అందులో సిగరెట్లు కాల్చుకునే గది నిజానికి బాంబుల కోసమనీ అన్నం తింటూ మీరు చెబితే విన్నదాన్నే. ఆ గుర్తు ఉన్నదున్నట్టు వెయ్యకపోతే చరిత్ర తుడిచేసినట్టే అంటారు. కాదనను.

అయినా కన్నతల్లిని పట్టుకుని చదువూ సంధ్యా లేనిదానివి అనడం ఏమిటండీ? అచ్ఛా, అయితే నాకిక్కడ పనేటి అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. ఆవిడ తెలియక చేశారు. గుమ్మానికి పెట్టే గుర్తు కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. రంగు మళ్ళీ వేసుకోవచ్చు. బుధవారం లోపల ఒక్కసారి ఫోన్ చేసి, ఉండమ్మా అనండి.

ఇట్లు,
కోపం తగ్గని మీ ప్రసూన

తా.క.: తెలియక చేశానని రాయమన్నది ఆవిడే. నిజం చెబితే మీరు నవ్వుతారట. పూజకి ముందు రోజు, విమానం పొట్టకి లేత నీలం ఎందుకేశాడని నన్నడిగారు. ఆకాశంలో కలిసిపోయి కింద జనానికి కనబడకుండా ఉండటానికని మీరు చెప్పిందే చెప్పాను. మీరు తోక చూసి అరిచారు గానీ విమానాన్ని తిరగేసి చూడలేదు. పొట్ట నిండా కుంకుమే. ఇదేమిటత్తయ్యా అంటే, ఎర్రగా అవుపడితే పిల్లల్నెత్తుకుని పరిగెడతారు కదేటే అన్నారు.